చలికాలంలో నార్వే తీరం వెంట ఓడలో: ఒక్క ఊపున వెళ్ళొచ్చేద్దామా, రేవుల్లో దిగుతూ వెళ్దామా?

కృష్ణ_హాంబర్గ్

అందరికీ నమస్కారం. మార్చి మొదట్లో నార్వే తీరం వెంట ఓడలో వెళ్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. నాన్న కాకినాడ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, ఓడ కనిపిస్తే అక్కడే నిలబడిపోతారు. అమ్మకి సముద్రం అంటే బెరుకు, పైగా చేప, మాంసం ముట్టదు.

నైరుతి తీరంలోని బెర్గెన్ నుంచి ఈశాన్య కొసన ఉన్న కిర్కెనెస్ దాకా వెళ్ళి మళ్ళీ బెర్గెన్ వచ్చే 12 రోజుల ప్యాకేజీ ఒకటి చూశాం. 34 రేవుల్లో ఆగుతుందని రాశారు. తీరా టైమ్‌టేబుల్ చూస్తే చాలా రేవుల్లో పావుగంట, అరగంట మాత్రమే ఆగుతోంది. సగం ఊళ్ళకి అర్ధరాత్రి చేరుతోంది. అంత దూరం పోయి ఊళ్ళని డెక్కు మీంచి చూసి రావడమేనా అనిపించింది.

మధ్యలో దిగి ఒకటి రెండు రోజులుండి తర్వాతి ఓడ ఎక్కే వీలుందా? సీజన్ కాని రోజుల్లో పెద్దవాళ్ళతో అలా చేయడం మంచిదేనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

రవితేజ_ఫోటోలు

కృష్ణ గారూ, నా ఓటు 12 రోజులకే. కారణాలు చెప్తాను. పైకి వెళ్ళేటప్పుడు రాత్రి దాటిన రేవులు దిగొచ్చేటప్పుడు పగలు వస్తాయి, టైమ్‌టేబుల్ అలాగే వేశారు. వెళ్ళేటప్పుడు చీకట్లో పోయిన వెస్టెరోలెన్ దీవులన్నీ తిరుగు ప్రయాణంలో పట్టపగలు చూస్తారు. సామాను ఒక్కసారి కేబిన్‌లో సర్దితే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు, పెద్దవాళ్ళకి అది చాలా సుఖం.

ఇంకోటి, నార్తర్న్ లైట్స్, అంటే అక్కడ రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా 12 రోజుల ప్రయాణం చేసినవాళ్ళకి ఒక్కసారి కూడా లైట్స్ కనబడకపోతే ఇంకో ప్రయాణం ఉచితంగా ఇస్తామని ఈ ఓడలు నడిపే హుర్టిగ్రూటెన్ కంపెనీ మాట ఇస్తోంది. ముక్కలు ముక్కలుగా టికెట్ కొంటే అది వర్తించదు. షరతులు చదువుకోండి.

ఓస్లో_శారద

కృష్ణ గారూ, దిగుతూ వెళ్ళే వీలుంది. ఈ దారిని బాగా చూడాలంటే అదే పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతాను, అదీ చలికాలంలో అయితే మరీను. రవితేజ గారు చెప్పినవి సరైనవే, కానీ ఆయన చెప్పింది ఓడ గురించి. మీరు అడిగింది ఊళ్ళ గురించి.

ముందు ఈ ఓడలు ఎలా తిరుగుతాయో చెప్తాను, మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది. క్రూయిజ్ అనుకుని ఎక్కినవాళ్ళు నిరాశ పడతారు. మన పల్లెవెలుగు బస్సులాగా ప్రతి ఊరి దగ్గరా ఆగి, మనుషుల్నీ సరుకునీ దించుకుంటూ ఎక్కించుకుంటూ పోతుంది. 1893 జూలై 2న రిచర్డ్ విత్ అనే కెప్టెన్ 'వెస్టెరోలెన్' అనే స్టీమరుని ట్రొండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి బయల్దేరదీశాడు. అప్పట్లో ఆ తీరానికి నమ్మదగ్గ చార్టులు లేవు, లైట్‌హౌసులు చాలా తక్కువ. చలికాలపు చీకట్లో ఓడ నడపడం కుదరదని మిగతా కంపెనీలు వెనక్కి తగ్గాయి. విత్ మాత్రం దిక్సూచి, గడియారం, తానూ తన పైలట్టూ ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కలు నమ్ముకుని రాత్రీ పగలూ నడిపాడు. అంటే ఈ సర్వీసు పుట్టిందే చలికాలంలో కూడా ఉత్తరాది ఊళ్ళకి దారి ఉండాలని. వేసవి టూరిస్టులు చాలా తర్వాత వచ్చారు.

ఇప్పుడు ఏడాది పొడుగునా రోజూ బెర్గెన్ నుంచి ఒక ఓడ బయల్దేరుతుంది. వెళ్ళి రావడానికి పదకొండు రాత్రులు పడుతుంది కాబట్టి రోజుకొకటి చొప్పున మొత్తం 11 ఓడలు కావాలి. 2021 నుంచి ఈ పని రెండు కంపెనీలు పంచుకున్నాయి. ఏడు ఓడలు హుర్టిగ్రూటెన్‌వి, నాలుగు హవీలావి. టైమ్‌టేబుల్ ఒకటే.

మీకు పనికొచ్చేది ఇదే. లొఫోటెన్ దీవుల్లోని స్వోల్వేర్‌లో రాత్రి తొమ్మిదింటికి దిగారనుకోండి, మర్నాడు రాత్రి అదే వేళకి ఇంకో ఓడ వస్తుంది. ఒక రోజు ఆగినా మూడు రోజులు ఆగినా ఓడ రాక మాత్రం తప్పదు. అయితే రేవు నుంచి రేవుకి టికెట్లు విడివిడిగా కొనాలి. ప్యాకేజీ తీసుకుని మధ్యలో దిగిపోతే మిగతా డబ్బు పోయినట్టే. మర్నాడు వచ్చే ఓడ రెండో కంపెనీది కావచ్చు, ఒకరి టికెట్ ఇంకొకరి ఓడలో చెల్లదు. ఏ తేదీన ఏ ఓడ వస్తుందో చూసుకుని కొనండి. పగటి దూరాలకి కేబిన్ లేకుండా కూడా టికెట్ దొరుకుతుంది. రాత్రి పడుకోవాల్సిన ముక్కలకి మాత్రం కేబిన్ తీసుకోండి, పెద్దవాళ్ళని లాంజ్ కుర్చీల్లో కూర్చోబెట్టకండి.

పద్మజ_బెజవాడ

నాదొక చిన్న సందేహం. అంత ఉత్తరాన చలికాలంలో సముద్రం గడ్డకట్టదా? ఓడ ఎలా పోతుంది?

వేణు_స్టవాంగర్

గడ్డకట్టదండి. అట్లాంటిక్ నుంచి వెచ్చని ప్రవాహం ఈ తీరం వెంట పైదాకా వస్తుంది. అందుకే ఆర్కిటిక్ వలయం దాటాక కూడా రేవులు ఏడాదంతా తెరిచే ఉంటాయి. స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య బోత్నియా అఖాతం పై భాగం ఇంతకంటే దక్షిణానే ఉన్నా ఏటా గడ్డకడుతుంది, అక్కడ ఐస్‌బ్రేకర్లు దారి చేయాలి.

కృష్ణ గారూ, నేను ఓడల ఇంజన్ల పనిలో ఉన్నాను కాబట్టి సముద్రం సంగతి నేను చెప్తాను. అమ్మగారి టెన్షన్ అర్థం లేనిది కాదు, అలాగని ప్రయాణం మానుకోవాల్సినంతదీ కాదు. ఈ దారిలో ఎక్కువ భాగం దీవుల చాటున సాగుతుంది. అటు దీవులు, ఇటు కొండలు, మధ్యలో నీళ్ళు. అక్కడ కాఫీ కప్పు కూడా కదలదు. ఇబ్బందంతా దీవులు లేని చోట్ల. దక్షిణం నుంచి లెక్కపెడితే స్టాడ్, హుస్టాడ్‌విక, ఫోల్డ, వెస్ట్‌ఫ్యోర్డ్, లొప్‌హావెట్, ఆ తర్వాత ఉత్తర కొసన ఉన్న నార్త్ కేప్ దాటాక బారెంట్స్ సముద్రం. చలికాలంలో పడమటి గాలి లేస్తే ఈ చోట్ల ఓడ బాగానే ఊగుతుంది. ఒక్కో ముక్క రెండు మూడు గంటలు, బారెంట్స్ వైపు ఇంకా ఎక్కువ.

2019 మార్చి 23న హుస్టాడ్‌విక దగ్గరే 'వైకింగ్ స్కై' అనే క్రూయిజ్ ఓడ ఇంజన్లు ఆగిపోయాయి. ఓడలో 1,373 మంది ఉన్నారు. హెలికాప్టర్లతో 479 మందిని తీశారు, ఓడ మర్నాడు తన ఇంజన్లతోనే మోల్డె రేవు చేరింది. ట్యాంకుల్లో లూబ్రికేటింగ్ ఆయిల్ మట్టం తక్కువగా ఉంది, పెద్ద కెరటాల్లో ఓడ ఊగేసరికి పంపులకి ఆయిల్ అందలేదు, ఇంజన్లు వాటంతటవే ఆగిపోయాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆ సముద్రాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్తున్నాను. ఈ తీరం ఓడల కెప్టెన్లు తేలిగ్గా తీసుకోరు కూడా, గాలి మరీ ఎక్కువైతే రేవు వదిలేసి ముందుకి పోతారు, లేదా చాటున ఆగుతారు.

నా సలహా ఒకటే. బెర్గెన్‌లో ఎక్కకండి, ట్రొండ్‌హైమ్‌లో ఎక్కండి. ఓస్లో నుంచి రైల్లో ఏడు గంటల్లోపు వచ్చేయొచ్చు. స్టాడ్, హుస్టాడ్‌విక రెండూ తప్పిపోతాయి. ఫోల్డ, వెస్ట్‌ఫ్యోర్డ్ మాత్రం మిగులుతాయి. ఓడ మధ్యలో, కింది అంతస్తులో కేబిన్ తీసుకోండి, ఊపు తక్కువ తెలుస్తుంది. పై అంతస్తులో ముందువైపు కేబిన్‌కి డబ్బు ఎక్కువ, ఊపూ ఎక్కువే. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర కెరటాలు మొదలవ్వకముందే వేసుకోవాలి, తర్వాత వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

రవితేజ_ఫోటోలు

> బెర్గెన్‌లో ఎక్కకండి, ట్రొండ్‌హైమ్‌లో ఎక్కండి

వేణు గారూ, అలా చేస్తే ఓలెసుండ్ పోతుంది కదండీ! నాకు ఆ దారి మొత్తంలో ఇష్టమైన ఊరు అదే. 1904 జనవరి 23 రాత్రి మంటలంటుకుని ఊరు ఊరంతా కాలిపోయింది. దాదాపు 850 ఇళ్ళు, పది వేల మంది రోడ్డున పడ్డారు. చనిపోయింది మాత్రం ఒక్కరే. మూడేళ్ళలో రాతితో, ఇటుకలతో మళ్ళీ కట్టారు. అప్పట్లో యూరప్‌లో నడుస్తున్న ఆర్ట్ నూవో పద్ధతిలో ఊరంతా ఒకేసారి లేచింది కాబట్టి వీధులకి వీధులే ఒకే కాలానివి. అక్స్‌లా కొండకి 418 మెట్లెక్కితే ఊరూ దీవులూ మొత్తం కనిపిస్తాయి. వేసవిలో ఓడ గైరాంగర్ ఫ్యోర్డ్‌లోకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పోతుంది, చలికాలంలో పోదు కాబట్టి ఓలెసుండ్‌లో ఎక్కువ సేపు ఉంటుంది. సీజన్ కాని రోజుల్లో వెళ్ళినందుకు అది లాభం.

వేణు_స్టవాంగర్

ఊరు బాగుంటుంది, కాదనను. ఆ మెట్లు మార్చిలో మంచు కట్టి ఉంటే పెద్దవాళ్ళని ఎక్కించకండి, కారు దారి వేరే ఉంది. నేను అమ్మగారి కడుపు గురించి ఆలోచించి చెప్పాను, అంతే.

భీమిలి_సత్యం

కృష్ణ బాబూ, మీ నాన్నగారు కాకినాడ పోర్టు అన్నావు కదా, అందుకు రాస్తున్నాను. మాది భీమిలి, తరతరాలుగా చేపల వ్యాపారం. మా అమ్మాయి ఓస్లోలో ఉంటుంది, ఆమే మమ్మల్ని ఫిబ్రవరిలో స్వోల్వేర్ తీసుకెళ్ళింది. నాన్నగారిని అక్కడ తప్పకుండా దించు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి లొఫోటెన్ దీవులకి దిగొస్తాయి. ఊరికి అసలు సీజన్ అదే. టూరిస్టులకి సీజన్ కాదేమో, వేటగాళ్ళకి తెల్లవార్లూ పనే. మరబోట్లు వస్తుంటాయి, పోతుంటాయి. చేపని కోసి తల తీసి, రెండేసి చేపల తోకలు కలిపి తాడుతో కట్టి, కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అలాగే గాలికి ఎండుతుంది. ఉప్పు అసలు పట్టించరు! నేను నమ్మలేదు, దగ్గరికి పోయి వేలితో రాసి నాలిక మీద పెట్టుకుని చూశాను. మన దగ్గర సావిడాయి గానీ నెత్తళ్ళు గానీ ఎండకి, ఇసుకకి, ఉప్పుకి ఎండాలి. అక్కడ సున్నాకి అటూ ఇటూ ఉండే చలి, సముద్రపు గాలీ ఆ పని చేస్తాయి. మరీ చలెక్కువైతే చేప లోపల గడ్డకట్టి కండ పాడవుతుందట, మరీ వేడెక్కితే ఈగలు వాలతాయట. ఆ మధ్య ఉండే వాతావరణం ఆ దీవులకి దొరికింది.

ఎండిన చేప ఎక్కువగా ఇటలీకి పోతుంది. తలలు పారేయరు, వాటినీ ఎండబెట్టి నైజీరియాకి పంపుతారు. ఇంకో విశేషం చూశాను. స్కూలు పిల్లలు సాయంత్రం ఫ్యాక్టరీ షెడ్డులో నిలబడి చేప తలల్లోంచి నాలుకలు కోస్తున్నారు. ఎదురుగా ఒక ఇనప మేకు, దానికి తల గుచ్చడం, ఒక్క కోత, నాలుక డబ్బాలో, తల పక్కన. పదేళ్ళ పిల్లాడి చెయ్యి ఎంత వేగంగా ఆడుతోందంటే మా ఇంటి ఆడవాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. వాళ్ళ పాకెట్ మనీ వాళ్ళే సంపాదించుకుంటారు, అక్కడ అది పాత ఆచారం.

నార్వేవాళ్ళకి మన దేశంతో కూడా చేపల బంధుత్వం ఉంది. 1950ల మొదట్లో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో మరబోట్లు, ఐస్ ప్లాంటు పెట్టే పథకం వాళ్ళ సాయంతోనే మొదలైంది. మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది.

కృష్ణ_హాంబర్గ్

సత్యం గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. నీండకర గురించి ఆయనకి తెలుసట. ఆయన ఇంకో ప్రశ్న అడగమన్నారు: ఓడలో సరుకు ఎక్కించడం ప్రయాణికుల్ని చూడనిస్తారా?

ఓస్లో_శారద

చూడనిస్తారు. దానికోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, రేవు వైపు రెయిలింగు దగ్గర నిలబడితే చాలు. ఓడ కట్టిన నిమిషంలో పక్క తలుపు తెరుచుకుంటుంది. ఆ వెంటనే రేవు మీద ఆగి ఉన్న ఫోర్క్‌లిఫ్టు కదులుతుంది. ప్యాలెట్లు బయటికి, ప్యాలెట్లు లోపలికి. కిరాణా సరుకు, టైర్లు, ఫర్నిచరు, చేపల పెట్టెలు. రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకున్న ఇద్దరు ముగ్గురే మనుషులు, పెద్దగా మాట్లాడుకోరు కూడా. చిన్న రేవుల్లో పావుగంటలో అంతా అయిపోయి తాళ్ళు విప్పేస్తారు. నాన్నగారికి ఒకటి చెప్పండి: రోర్విక్ రేవులో రాత్రిపూట పైకి వెళ్ళే ఓడా దిగొచ్చే ఓడా కలుస్తాయి. ట్రొండ్‌హైమ్‌లో ఎక్కిన రోజు రాత్రే అది వస్తుంది, ఆయన్ని నిద్రపోనివ్వకండి.

ఇక ఊళ్ళ మాటకొస్తే, దిగకపోతే ఏం పోతుందో చెప్పడానికి నాకు వార్డో కంటే మంచి ఉదాహరణ దొరకదు. నార్వేకి తూర్పు కొసన దీవి మీద ఊరు. ఓడ పైకి వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున మూడు దాటాక కాసేపు ఆగుతుంది, తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం ఓ గంట. ఆ గంటలో కోట ఒకటి చూసి పరుగున వెనక్కి రావాలి. ఆ ఊళ్ళో అసలు చూడాల్సింది స్టైల్‌నెసెట్. 17వ శతాబ్దంలో నార్వే ఉత్తర కొసలోని ఫిన్‌మార్క్ ప్రాంతంలో మంత్రగత్తెలనే నింద వేసి 91 మందిని చంపారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, కొందరు స్థానిక సామీ జాతి పురుషులు. వాళ్ళ కోసం 2011లో అక్కడ స్మారకం తెరిచారు. ఆర్కిటెక్ట్ పీటర్ జుంథోర్ కట్టింది ఏంటంటే, సముద్రం ఒడ్డున కర్రల చట్రాలు నిలబెట్టి, వాటి మధ్య తెరచాప గుడ్డతో చేసిన పొడవాటి నడవా వేలాడదీశారు. లోపల నల్లగా, చీకటిగా ఉంటుంది. గోడకి 91 చిన్న కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో బల్బు. ప్రతి బల్బు పక్కనా పట్టుగుడ్డ మీద ఆ మనిషి పేరు, మోపిన నేరం, వేసిన శిక్ష. పక్కనే నల్ల అద్దాల గదిలో లూయీస్ బూర్జ్వా చేసిన ఇనప కుర్చీ, దానిలోంచి మంట.

చలికాలం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. బయట గాలికి గుడ్డ కదులుతూనే ఉంది, లోపల నేనొక్కదాన్నే. పేర్లన్నీ చదివాను, వాటికే రెండు గంటలు పట్టింది. ఓడ ఆగిన గంటలో ఇది జరిగే పని కాదు. టికెట్ లేదు, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళడమే. అలాంటి ఊరిని రాత్రి మూడింటికి నిద్రలో దాటిపోతామంటే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

లక్ష్మి_గోథెన్‌బర్గ్

శారదక్కా, మీరు చెప్పింది చదివితే వెళ్ళాలనిపిస్తుంది. కానీ రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే కృష్ణ గారు ఇబ్బంది పడతారు.

మేము ఫిన్‌మార్క్‌లో ఒక చిన్న రేవులో దిగాం, ఊరి పేరు వద్దు. జనవరి నెల, ఆదివారం. సూపర్‌మార్కెట్ మూసేశారు, ఉన్న ఒక్క కేఫ్ కూడా మూసేశారు. హోటల్లో రిసెప్షన్‌లో మనిషి లేడు, తలుపు కోడ్ ఫోన్‌కి మెసేజ్ వస్తుందన్నారు, రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. చిన్నపిల్లతో మంచులో నలభై నిమిషాలు నిలబడ్డాం. చివరికి రోడ్డు మీద మంచు తీస్తున్న ట్రాక్టరు ఆయన ఆపి, యజమానికి తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టి తలుపు తీయించాడు. మర్నాడు గాలివాన. ఓడ మా రేవుకి రాకుండా నేరుగా పోయింది. ఇంకో రోజు ఆగాల్సి వచ్చింది, విమానం టికెట్లు పోయాయి.

ఊరివాళ్ళు బంగారంలాంటివాళ్ళు, ఆ రెండో రోజు మాకు భోజనం పెట్టింది వాళ్ళే. కానీ పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో అయితే మరీ చిన్న రేవుల్లో దిగొద్దని నా మనవి.

ఓస్లో_శారద

లక్ష్మీ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే దిగే రేవుకి ఓడ కాకుండా ఇంకో దారి కూడా ఉందో లేదో ముందే చూసుకోవాలి. వార్డో నుంచి కిర్కెనెస్‌కి రోడ్డుంది. 1982లో సముద్రం కింద నుంచి సొరంగం వేశారు, నార్వేలో అదే మొదటిది. గాలివానకి ఆ రోడ్డు కూడా మూసేస్తారనుకో, అయినా ఓడొక్కటే దిక్కు కాకూడదు. ఇంకో నియమం: చివరి ఓడకీ విమానానికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

కృష్ణ గారూ, ఈసారికి మీరు వార్డో వద్దు. బారెంట్స్ వైపు అమ్మగారిని తీసుకెళ్ళమని నేను చెప్పను.

పద్మజ_బెజవాడ

ఇంకో సందేహం అండి. యూట్యూబ్‌లో చూస్తే దక్షిణాన పాత పాత చెక్క ఇళ్ళు, ఉత్తరాన హామర్‌ఫెస్ట్, హోనింగ్స్‌వోగ్‌లో అన్నీ ఒకేలా ఉండే కొత్త ఇళ్ళు. ఎందుకలా?

వేణు_స్టవాంగర్

1944లో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ ఫిన్‌మార్క్‌ని తగలబెట్టింది. ఎదురుగా వచ్చే సోవియట్ సైన్యానికి తలదాచుకునే గోడ కూడా దొరక్కూడదని ఇళ్ళు, జెట్టీలు, కరెంటు స్తంభాలతో సహా. జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలించారు. హోనింగ్స్‌వోగ్‌లో చర్చి ఒక్కటే మిగిలింది. యుద్ధం అయ్యాక తిరిగొచ్చినవాళ్ళు ఇళ్ళు కట్టుకునేదాకా ఆ చర్చిలోనే ఉన్నారు. ఓడ అక్కడ మూడు గంటలకి పైగా ఆగుతుంది. అందరూ బస్సెక్కి నార్త్ కేప్‌కి పోతారు, రేవు నుంచి కొద్ది నడకలో ఉన్న ఆ చర్చి దగ్గర ఎవరూ ఉండరు.

రవితేజ_ఫోటోలు

ఇది నాకు తెలియదు వేణు గారూ. నేను బస్సెక్కినవాళ్ళలోనే ఉన్నాను. మళ్ళీ వెళ్తే ఆ చర్చి చూస్తాను.

కృష్ణ_హాంబర్గ్

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఇలా అనుకుంటున్నాం, తప్పులుంటే చెప్పండి.

ఓస్లో నుంచి రైల్లో ట్రొండ్‌హైమ్, అక్కడ ఒక రాత్రి. నిదారోస్ కథీడ్రల్ చూసి, మర్నాడు మధ్యాహ్నం ఓడ. ఓడలో ఒక రాత్రి, ఆర్కిటిక్ వలయం దాటి మర్నాడు రాత్రి స్వోల్వేర్. అక్కడ మూడు రాత్రులు, సత్యం గారు చెప్పిన చేపల పందిళ్ళు. తర్వాత మళ్ళీ రాత్రి ఓడెక్కి ట్రోమ్సో, అక్కడ రెండు రాత్రులుండి విమానంలో హాంబర్గ్. రవితేజ గారూ, ఓలెసుండ్ వేసవిలో విడిగా వెళ్తాం. నాన్నకి స్వోల్వేర్ కంటే ముందు వచ్చే బోదోలో కూడా దిగాలనుంది, సాల్ట్‌స్ట్రామెన్ గురించి ఎక్కడో చదివారు.

ఓస్లో_శారద

మంచి ప్లాన్. రెండు మార్పులు చెప్తాను.

ట్రోమ్సోని సీజన్ కాని ఊరు అనుకోకండి. నార్తర్న్ లైట్స్ కోసం జనం విరగబడి వస్తున్నారు, ఇప్పుడు ఆ ఊరికి చలికాలమే సీజన్. హోటల్ గదులు ముందే అయిపోతాయి, ధరలు మండిపోతాయి. స్వోల్వేర్, బోదోల్లో అంత ఉండదు. కాబట్టి ట్రోమ్సోలో ఒక్క రాత్రి చాలు, ఆ మిగిలిన రాత్రి బోదోకి ఇవ్వండి. పైగా ఫిబ్రవరి చివర నుంచి మార్చి మొదటి దాకా నార్వే స్కూళ్ళకి వారాల వంతున చలికాలపు సెలవులుంటాయి, రైళ్ళు కిక్కిరిసిపోతాయి. ట్రొండ్‌హైమ్ రైలు ముందే బుక్ చేయండి.

సాల్ట్‌స్ట్రామెన్ బోదో నుంచి ముప్ఫై కిలోమీటర్ల దూరం, బస్సుంది. 150 మీటర్ల వెడల్పున్న సందులోంచి ఫ్యోర్డ్ నీళ్ళన్నీ పోటుకి లోపలికి, పాటుకి బయటికి పోవాలి. దాదాపు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది. నీళ్ళు జోరు మీదున్నప్పుడు సుళ్ళు పెద్ద పెద్ద గుంటలై తిరుగుతాయి, మధ్యలో కాసేపు మామూలు కాలువే. వేళ కాని వేళ వెళ్ళినవాళ్ళు ఏముంది ఇక్కడ అని తిరిగొస్తారు. పోటుపాట్ల పట్టిక చూసుకుని బస్సెక్కండి. పోర్టులో పనిచేసిన మనిషికి ఇది నేను చెప్పాలా!

అమ్మగారి భోజనం: బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయండి, ఓడలో ఏర్పాటు ఉంటుంది. స్వోల్వేర్‌లో హోటల్ గది బదులు వంటగది ఉన్న 'రోర్బు' తీసుకోండి. వేటకొచ్చిన జాలర్లు ఉండడానికి నీళ్ళ మీద కట్టిన ఎర్ర చెక్క ఇళ్ళు అవి, చలికాలంలో వేసవి కంటే చౌకగా దొరుకుతాయి. బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడి సూపర్‌మార్కెట్లో ఉంటాయి. కందిపప్పు, చింతపండు, పోపు సామాను హాంబర్గ్ నుంచి తెచ్చుకోండి. శనివారమే సరుకు కొనేసుకోండి.

భీమిలి_సత్యం

బాబూ, అమ్మగారు చేప ముట్టరన్నావు కదా, వాసన కూడా పడకపోవచ్చు. ఆ రోర్బు పందిళ్ళకి దూరంగా, గాలికి ఎగువన తీసుకో. కొత్తగా వేలాడదీసినప్పుడు వాసన తక్కువే, ఎండే కొద్దీ పెరుగుతుంది. మార్చి మొదట్లో అంత ఇబ్బంది ఉండదు.

లక్ష్మి_గోథెన్‌బర్గ్

చెప్పుల కింద తగిలించుకునే ఇనప ముళ్ళు నలుగురికీ కొనండి, ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి. పగలు కరిగిన మంచు రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది. పెద్దవాళ్ళు చలికి తట్టుకుంటారు, జారిపడితేనే కష్టం. లోపల వేసుకునే బట్టలు ఉన్నివి తీసుకోండి, కాటన్ వద్దు.

కృష్ణ_హాంబర్గ్

శారద గారూ, మీరు చెప్పినట్టే మార్చాం. ట్రొండ్‌హైమ్ నుంచి బోదో, బోదో నుంచి స్వోల్వేర్, స్వోల్వేర్ నుంచి ట్రోమ్సో. మొదటి ఓడ హవీలాది, మిగతా రెండూ హుర్టిగ్రూటెన్‌వి. ఒక్క డౌటు మిగిలింది. బోదో నుంచి స్వోల్వేర్ ముక్కలోనే వెస్ట్‌ఫ్యోర్డ్ వస్తుంది కదా, ఆ రోజు గాలి ఎక్కువుంటే ఏం చేయాలి?

వేణు_స్టవాంగర్

ముందు రోజు సాయంత్రం నార్వే వాతావరణ శాఖ నడిపే 'యూర్' యాప్‌లో వెస్ట్‌ఫ్యోర్డ్ గాలి చూడండి. నైరుతి నుంచి గట్టి గాలి అని ఉంటే ఆ ముక్క వదిలేసి బోదోలో ఇంకో రాత్రి ఉండండి, మర్నాటి ఓడకి టికెట్ మార్పు కుదురుతుందేమో కంపెనీకి ఫోన్ చేసి అడగండి. అందుకే ఆ ఒక్క ముక్కకీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. అమ్మగారికి మాత్ర బోదోలో ఓడెక్కే ముందే ఇచ్చేయండి, వెస్ట్‌ఫ్యోర్డ్ దాటాక వచ్చే స్టామ్‌సుండ్ రేవు చేరేదాకా డెక్కు మధ్యలో కూర్చోబెట్టండి. స్టామ్‌సుండ్ దాటాక ఇబ్బంది ఉండదు.